పద్నాలుగు పాయింట్ రెండు

బానెట్ కిందికి సగం వంగి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు ఎలక్ట్రీషియన్. బిగువు సరిగానే ఉంది. నలభై ఏళ్లుగా అతని పని ఇలాగే మొదలవుతుంది: ముందు వేలు, తర్వాత మీటరు. కళ్లు మసకబారాయని డాక్టరు చెప్పినప్పుడు, "నా చేతులకే కళ్లున్నాయి" అని కొట్టిపారేశాడు.

కారు, ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సుది.

"నెలలో నాలుగు బల్బులు మాడాయి బాబాయ్. మా ఆయన కూడా ఇన్నిసార్లు అలగడు."

"ఈ కాలపు బల్బులు అంతేలేమ్మా, వట్టి డొల్ల."

ఇంజను స్టార్ట్ చేయించి బ్యాటరీకి మీటరు తగిలించాడు. మీటరును దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "పద్నాలుగు పాయింట్ రెండు వోల్టులు. బంగారం! వెళ్లిరా."

బల్ల దగ్గర వైర్లు అతుకుతున్న కూతురు లేచి వచ్చింది. మీటరు చూసింది. తండ్రి ముఖం చూసింది. ఆరేళ్లుగా అతని పక్కనే పని చేస్తోంది. షెడ్డు తనకెప్పుడు అప్పగిస్తావని ఒక్కసారీ అడగలేదు.

"నాన్నా, ఇంకోసారి చూద్దామా? నాకూ నేర్చుకున్నట్టుంటుంది."

అందులో ఆమె కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదని అతనికి తెలుసు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. నాలుగు అనుకున్నది ఆరు. పదహారు పాయింట్ రెండు. పదిహేను దాటకూడదు. అలాగే పంపి ఉంటే బ్యాటరీ ఉడికిపోయి, ఏ రోగి ఇంటికో వెళ్తూ ఆ పిల్ల నడిదారిలో నిలిచిపోయేది.

"రెగ్యులేటర్ పోయిందమ్మా," అన్నాడు నర్సుతో. "కరెంటుకు కళ్లెం వేసేది అదే. నేను తప్పు చదివాను. మా అమ్మాయి పట్టుకుంది."

"అయితే నిన్ను మించిపోయిందన్నమాట!"

"మించకపోతే ఇన్నాళ్ల నా తిట్లు దండగేగా!"

కూతురు ఇంజను ఆపి, నవ్వు దాచుకుంటూ కొత్త రెగ్యులేటర్ బిగించింది. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పింది. అతను తన స్క్రూడ్రైవర్ మొనను ఆల్టర్నేటర్ వెనక బేరింగుకు ఆనించాడు. లోపలికి కరెంటు వెళ్తే అక్కడ అయస్కాంతం పుడుతుంది. మొన టక్కున అంటుకుంది. ఈ పరీక్షకు కళ్లు అక్కర్లేదు. అయినా అతను చెయ్యి తీసేశాడు.

"మిగతాది నువ్వు చూసుకో తల్లీ. రేపు నన్ను లేపకు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి కూడా."

మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కున్నాడు. చొక్కా మార్చుకుని, ఈల వేసుకుంటూ ఎండలోకి నడిచాడు.

ఇంజను స్టార్ట్ చేయబోతూ కూతురు ఆగి, బానెట్ కిందికి చూసింది. పిడికి నల్ల టేపు చుట్టిన నాన్న స్క్రూడ్రైవర్, ఎవరూ పట్టుకోకుండానే, బేరింగును అంటిపెట్టుకుని ఉంది.