లోపలి నునుపు

నేనొక ఎర బుట్టను. బుట్టే కదా అని తీసిపారేయకండి. అండమాన్‌లోని ఈ చిన్న దీవిలో గేలానికి పడిన పెద్ద చేపల్లో సగం నా చలవే. మిగతా సగం గురించి రేవులో చెప్పుకునే గొప్పలతో నాకు సంబంధం లేదు.

నన్ను అల్లింది పోలమ్మ. శ్రీకాకుళం తీరం నుంచి కొత్త కోడలిగా ఓడెక్కి వచ్చి, ఇక్కడి అడవి బెత్తం చీల్చి, మూడు రోజులు కూర్చుని అల్లింది. గుండ్రటి కడుపు, ఇరుకు మూతి. ఆమె తర్వాత నేను కొడుకు కొర్లయ్య చేతికి వచ్చాను. అతను ఒడ్డున విసురు వలతో ఎర కోసం కవళ్లనే చిన్న చేపల్ని పట్టి నాలో వేసి, నన్ను పడవ పక్కన నీళ్లలో మునిగేలా కట్టి, మెల్లగా తెడ్డు వేసుకుంటూ వెళ్లేవాడు. కవళ్లు మహా సుకుమారం. ఒళ్లు కాస్త గీసుకుంటే చాలు, పొలుసు రాలి ప్రాణం వదిలేస్తాయి. చచ్చిన ఎరను ఇక్కడి కోనాం చేప కన్నెత్తి చూడదు. ఎర బతికున్నన్నాళ్లు కొర్లయ్య తన పడవలో తనే రాజు.

పోలమ్మ పోయిన రెండేళ్లకు నా అడుగు చివికిపోయింది. కొర్లయ్య నన్ను చూరుకు వేలాడదీసి, నీలం ప్లాస్టిక్ డ్రమ్ముకు చిల్లులు పొడిచి తీసుకెళ్లాడు. కవళ్లన్నీ గోడలకు కొట్టుకుని చచ్చాయి. తర్వాత బజారు నుంచి నిగనిగలాడే బెత్తం బుట్ట తెచ్చాడు. నాకంటే అందంగానే ఉంది, ఒప్పుకుంటాను. మధ్యాహ్నానికి అందులో ఒక్క చేపా బతకలేదు.

ఈ కబురు పెద్ద మరబోటు సరంగు గురుమూర్తి చెవిన పడింది. ఇంటికే వచ్చాడు.

"ఇంకెందుకురా ఈ గేలాలు? మా బోటులోకొచ్చి వల లాగు. ఆదివారం వత్తాను, ఏ మాటో సెప్పు."

పరాయి పడవలో కూలికి వల లాగడమంటే కొర్లయ్యకు తల కొట్టేసినట్టే. అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద కలపలేదు. చూరు నుంచి చూస్తున్న నాకు ఏడుపొచ్చింది.

భార్య గౌరమ్మ లేచి నన్ను కిందికి దించింది.

"ఈ బుట్ట ఇప్పేత్తాను మావా."

"ఏటే! మా యమ్మ సేత్తో అల్లింది ఇదొక్కటే మిగిలింది."

"ఇప్పకపోతే అత్త ఎలాగ అల్లిందో నాకెలాగ తెలుత్తాది?"

కొర్లయ్య మొహం తిప్పుకున్నాడు. కాదనలేదు.

నాలోంచి ఒక్కో చీలిక ఊడుతుంటే పక్కన కొత్త బెత్తంతో ఒక్కో వరస లేచింది. భయపడ్డానా అంటే, లేదు. ఇన్నేళ్లకు నన్ను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఈమే. సగం దాకా వచ్చాక గౌరమ్మ చెయ్యి ఆగింది. ఊడిన చీలికను వేళ్ల మధ్య అటూ ఇటూ రాసి చూసింది.

"మావా, ఇలా సూడు! నున్నటి పక్క లోపలికుంది!"

మనుషులు బుట్టల్ని మనుషులు చూడాలని అల్లుతారు. మెరుపు బయటికి, గరుకు లోపలికి. పోలమ్మ చేపల కోసం అల్లింది. బజారు బుట్ట లోపలి గరుకే కవళ్లను చంపింది. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు, నన్నెవరూ అడగలేదు.

గౌరమ్మ అప్పటిదాకా అల్లిందంతా విప్పేసి మళ్లీ మొదలుపెట్టింది. గట్టిగా మిగిలిన నా మూతి కట్టును తీసి కొత్త బుట్టకు బిగించింది. ఇప్పుడు నాలో మిగిలింది అంతే. అయినా సముద్రానికి వెళ్తున్నాను.

ఆదివారం గురుమూర్తి రేవుకు వచ్చేసరికి కొర్లయ్య పడవ ఒడ్డు చేరింది. అందులో రెండు పెద్ద కోనాలు పడుకుని ఉన్నాయి.

"ఏరా, ఏటాలోసించినావు?"

కొర్లయ్య వంగి బుట్టను నీళ్లలోంచి కాస్త పైకెత్తి మూత తీశాడు. మిగిలిన కవళ్లు లోపల గిరగిరా తిరుగుతున్నాయి.

"సూసినావా అన్నా? మా గౌరి అల్లింది. ఒక్కటీ సావనేదు. నానెక్కడికీ రాను."