పర్వాలేదు బటన్

“కొత్తది కొనుక్కోవచ్చుగా” అనే మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మా బావ ఆ ఆదివారం పొద్దున్నుంచీ అదే పాట పాడుతున్నాడు.

మా అక్క బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ ఇన్‌ఛార్జి. గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. ఆపరేషన్‌కు ముందే ఆమె గొంతుతో చిన్న చిన్న మాటలు రికార్డు చేసి, వాటిని పలికే పెట్టె ఒకటి నేనే తయారుచేశాను. అరచేతిలో పట్టేంత పెట్టె, దాని నిండా బటన్లు. అక్క కళ్ళు గుడ్డ మీదే ఉంచి బొటనవేలితో నొక్కుతుంది. “కత్తెర ఆపండి”, “ఇటు తిప్పండి”, “కూర్చోండి”, “పర్వాలేదు”. అన్నీ తన గొంతే.

మర్నాడు, అంటే సోమవారం, అక్కను వచ్చి కలవమన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు. కటింగ్ నుంచి ప్యాకింగ్‌కు మార్చేస్తాడట. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదట. ఓపిక లేనిది వాళ్ళకి, శిక్ష ఈమెకా! ఇదివరకు మాట్లాడటానికి వెళ్ళినప్పుడల్లా, అక్క ఒక బటన్ నొక్కి రెండోది వెతికేలోపే, “ఏమీ అనుకోకండమ్మా” అంటూ లేచి వెళ్ళిపోయేవాడు. అక్క అలవాటు కొద్దీ “పర్వాలేదు” నొక్కి వచ్చేసేది. ఈసారి మాత్రం చీటీ మీద రాసి నా ముందు పెట్టింది: “వాణ్ణి కూర్చోబెట్టే మాట ఒకటి కావాలి.”

మాట చేర్చడానికి ఎంతసేపు? కానీ పెట్టెలోని ప్రోగ్రాంను తిరిగి తయారుచెయ్యాలంటే నా పాత టూల్ కావాలి. అది పాత కంప్యూటర్‌లోని సిస్టం మీదే నడుస్తుంది. ఆ కంప్యూటర్ కాస్తా పోయిన నెలే కన్నుమూసింది. నా కొత్త ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే సిస్టం. అది ఈ టూల్ మొహమే చూడలేదు.

“ఫోన్లో యాప్ వేస్తే పోలా, మరదలా? టైప్ చేస్తే అదే మాట్లాడుతుంది,” అన్నాడు బావ.

“ఎవరి గొంతుతో?” అన్నాను.

బావ ఫోన్ తిరిగి జేబులో పెట్టేసుకున్నాడు.

పాత సిస్టంలా నటించే ప్రోగ్రాం ఒకటి దొరికింది. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, అందులో నా టూల్‌ను తెరిచాను. దాని పాత నీలం తెర ప్రత్యక్షమైంది. ఎన్నాళ్ళకు చూశానో, ప్రాణం లేచొచ్చింది. పని మొదలుపెట్టమన్నానో లేదో, భాగహారంలో తప్పు వచ్చిందంటూ టక్కున ఆగిపోయింది. మళ్ళీ నడిపాను. మళ్ళీ అంతే.

“చచ్చిందిగా,” అన్నాడు బావ.

“మీరు అవతలికి వెళ్తారా, వెళ్ళరా?”

కాఫీ తాగుతూ తీరిగ్గా వెతికితే అసలు సంగతి బయటపడింది. ఈ టూల్ లేస్తూనే యంత్రం ఎంత వేగమో కొలుచుకుంటుంది. ఈ కొత్త యంత్రం వేగం దాని లెక్కలో పట్టడం లేదు, అందుకే కుప్పకూలుతోంది. తప్పంతా దీని తొందరదన్నమాట! నటించే ప్రోగ్రాంలో వేగం తగ్గించాను. చాల్లేదు, ఇంకా తగ్గించాను. ఆ ల్యాప్‌టాప్‌కు ముక్కుతాడు వేశాక, పాత టూల్ బుద్ధిగా పని మొదలుపెట్టింది.

“వేగంగా ఉంటుందని కొని, ఇప్పుడు దాన్ని నత్తలా నడిపిస్తావేంటి?”

“ఆగడం తెలిసినవాళ్ళతోనే ఇది పనిచేస్తుంది బావా. మీరూ నేర్చుకోండి.”

ఇక మాట కావాలి. అక్క కొత్తగా పలకలేదు కదా, ఉన్నవాటిలోంచే ఏరాలి. అప్పట్లో పనికిరావని పక్కన పెట్టిన రికార్డింగులు ఒక్కొక్కటే విన్నాను. ఒకదాంట్లో వెనక నుంచి బావ గొంతు: “అయిందా? ఆసుపత్రికి టైమైంది!” వెంటనే అక్క, చిర్రెత్తుకొచ్చి: “ఇంకా అయిపోలేదు!”

బావ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

“ఇంకోసారి వెయ్యమ్మా,” అన్నాడు.

వేశాను. నాకూ ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఆయన కొత్తది కొనమనలేదు. పెట్టె కేబుల్ ఈ ల్యాప్‌టాప్‌కు పట్టకపోతే, తనే బజారుకు వెళ్ళి అడాప్టర్ తెచ్చాడు.

ఆ మాట పక్కన “కూర్చోండి” అతికించాను. తీరా చూస్తే పెట్టెలో చోటు లేదు. ఉన్నవాటిలో ఒకటి తీసేయాలి. “ఏది తీసేద్దామే?” అని అడిగాను. అక్క క్షణం కూడా ఆలోచించలేదు. “పర్వాలేదు” నొక్కి, వేలితో కొట్టేసినట్టు సైగ చేసింది. ఆ బటన్‌లోనే కొత్త మాట ఎక్కించాను.

సోమవారం అక్కతో పాటు నేనూ వెళ్ళాను. మేనేజరు బదిలీ కాగితం ఆమె ముందుకు తోశాడు. అక్క ఒక బటన్ నొక్కింది.

“ప్యాకింగ్‌కి,” అంది పెట్టె.

“అవునమ్మా, ప్యాకింగ్‌కే. అక్కడైతే మీకూ సుఖం. ఏమీ అనుకోకండి,” అంటూ లేచి తలుపు వైపు తిరిగాడు.

అక్క బొటనవేలు ఎప్పటి చోటికే వెళ్ళింది.

“ఇంకా అయిపోలేదు! కూర్చోండి.”

మా అక్క గొంతు. ఆ చిరాకుతో సహా. మేనేజరు గతుక్కుమని కూర్చున్నాడు. బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు.

“నన్ను చూస్తారేంటండీ? మాట్లాడేది ఆవిడ,” అన్నాను.

అక్క ఏమాత్రం తొందరపడలేదు. తాపీగా తర్వాతి బటన్ వెతుక్కుంది.

“వెళ్ళను.”

ఆగే ఓపిక ఎవరికీ లేదన్న పెద్దమనిషి తనే ఆగి విన్నాడు మరి! మేనేజరు కాస్త నసిగి, చివరికి ఆ కాగితాన్ని అడ్డంగా చింపాడు. ముక్కలు చెత్తబుట్టలో పడేదాకా అక్క కుర్చీలోంచి లేవలేదు.