వజ్రమ్మ రాణి మునిమనుమరాలు

పొద్దుగాల చల్దిబువ్వ తిన్నంక లింగవ్వ నూలు కండెల గంప సంకన పెట్టుకొని మగ్గాల ఇంటికి పోయేది. జగిత్యాల సాలెవాడల ఆ ఇంట్ల ఆరు గుంతమగ్గాలు. లోపలికి పోయేముందు బయటనే ఆగి, "నేనొస్తున్న, పోగులు పైలం!" అని కేకేసేది. నేసేటోళ్లు అడ్డపోగు నడిపే నాడెలు పక్కకు పెట్టి, కాళ్లు గుంతలకెల్లి తీసుకొని, మెల్లగ లేచి నిలబడేటోళ్లు. ఆమె కండెలిచ్చి పోయినంక మళ్ల కూసునేటోళ్లు. చెప్పకుండ పోతే అందరూ ఒక్కసారే దిగ్గున లేస్తరు, పోగులు తెగుతయి.

లింగవ్వ ముందట ఎవలూ కూసోలేరు. అది ఆమె తల్లిగారి దిక్కు నుంచి వచ్చింది. ఆమె ముత్తవ్వ వజ్రమ్మ సిరిసిల్ల నేతగాని బిడ్డ. ఒక చిన్న కోటనేలిన రాజు మొదలు చీరను చూసి, తర్వాత చీర నేసిన పిల్లను చూసి, రెండో రాణిగ చేసుకున్నడు. దర్బారుకు తీసుకపోతే, సాలోల్ల పిల్లకు మేం లేచుడేందని పెద్దమనుషులు కూసున్న కాడికెల్లి కదలలే. రాజుకు మండింది. "వజ్రమ్మ వచ్చినా, ఆమె వంశంల ఆడిపిల్ల వచ్చినా, ఎంతటోడైనా లేవాలె" అని ఆజ్ఞ ఇచ్చిండు. వజ్రమ్మకు ఒక్కతే బిడ్డ. రాజు పోయినంక గద్దె పెద్దరాణి కొడుక్కు దక్కింది. వజ్రమ్మ బిడ్డను సంకనేసుకొని సిరిసిల్లకు, మళ్ల మగ్గం మీదికి వచ్చింది. కోట కూలింది. నిజాం గూడ పోయిండు. ఆజ్ఞను రద్దు చేసేటోళ్లు మాత్రం ఎవలూ మిగలలే.

అందుకే లింగవ్వ బస్సెక్కది. ఎక్కితే డ్రైవర్ గూడ లేస్తడు. ఎంత దూరమైనా నడుసుడే. పెనిమిటి చిన్నయ్య బువ్వకు కూసుంటే ఆమె వాకిట్లకు పోతది. గడీల దొర అయితే సాలెవాడ దిక్కే రాడు.

ఆమె కొడుకు జలపతి కూలిసంఘంల తిరిగేటోడు. దొరల ముందట చెప్పులేసుకొని నడువుండ్రని ఊరూరా చెప్పేటోడు. ఆ ఏండ్లల్ల పోలీసులు జీపెక్కించుకపోయిన పిల్లలు అడివిల శవాలై దొరికేటోళ్లు. ఎదురుకాల్పులని మర్నాడు పేపర్ల వచ్చేది.

ఎండాకాలం ఒక పొద్దున చిన్నయ్య చెల్లె రాజమణి కోరుట్ల నుంచి తొలి బస్సుకు ఉరికొచ్చింది.

"వదినా, నిన్న మాపటీలి జలపతిని మా బస్టాండ్ల పట్టుకున్నరు. గొల్లపల్లి దిక్కు ఠాణాల పెట్టిన్రట. కాయితం మీద ఏడా రాసుకోలేదట."

చిన్నయ్య చెప్పులేసుకున్నడు. లింగవ్వ ఉతికిన చీర కట్టుకొని, బొట్టు పెట్టుకున్నది.

"నువ్వు వకీలును తీస్కొని కోర్టుకాడ ఉండు. కొడుకును నేను తోల్కొస్త" అన్నది పెనిమిటితోని.

తొమ్మిది మైళ్లు నడిచింది. ఆమె పోయేసరికి ఠాణా ముందట జలపతిని బేడీలతోని జీపు కాడికి తెస్తున్నరు. పెదవి పగిలింది, అంగి చినిగింది. లింగవ్వ సీదా పోయి జీపు వెనకాల ఎక్కి కూసున్నది. డ్రైవర్ దిగ్గున లేచిండు, నెత్తి పైన కడ్డీకి తాకింది. ముందట కూసున్న ఎస్సై కిందికి దిగి నిలబడ్డడు.

"దిగమ్మా. ఏం పని మీకు?" అన్నడు ఎస్సై. మీరు అని ఎందుకన్నడో ఆయనకే తెల్వది.

"నా కొడుకును ఏడికి తీస్కపోతున్నరో నేనూ ఆడికే."

సంతకు పోయేటోళ్లు ఆగి చూస్తున్నరు. ఎస్సై వాళ్లను చూసి గొంతు సవరించుకున్నడు. "జగిత్యాల కోర్టుకే తీసుకపోతున్నం."

"గట్లనా. నేను దిగ. నేనుంటే డ్రైవర్ కూసోలేడు, జీపు నడువది. పట్టపగలే గద సారూ, నడిచే పోదాం."

నలుగురి ముందట అన్న మాటాయె. ఎస్సై నడువక తప్పలే.

ముందట లింగవ్వ, ఎనుక జలపతి, చుట్టూ పోలీసులు. బాట మీది ఊర్లల్ల బీడీలు చేసే ఆడోళ్లు ఒళ్లె చాటలు దించి లేచిన్రు. చింతపండు కొట్టేటోళ్లు లేచిన్రు. హోటల్ల చాయ తాగేటోళ్లు, అరుగు మీది పట్వారి లేచి నిలబడ్డరు. లేచినోళ్లందరికీ లింగవ్వ ఒకటే మాట చెప్పింది: "నా కొడుకు జలపతి. కోర్టుకు తీస్కపోతున్నరు. చూడుండ్రి." పగిలిన పెదవి గూడ అందరూ చూసిన్రు. కొందరు పనులు ఇడిచిపెట్టి ఎంబడి నడిచిన్రు.

ముసలి పోలీసు జవాను ఒకడు ఆమె పక్కకు వచ్చి, ఎస్సైకి ఇనబడకుండ, "అవ్వా, పొద్దుగాల జీపు మొగం కోర్టు దిక్కు లేకుండె" అన్నడు.

"నాకు ఎరికే బిడ్డా" అన్నది లింగవ్వ. ఆమె నడక ఆగలే, తల దించలే.

మూడు గంటలకు జగిత్యాల కోర్టు చేరిన్రు. చిన్నయ్య, వకీలు ఎదురొచ్చిన్రు. లోపల వకీళ్లు, బంట్రోతులు అందరూ నిలబడ్డరు. బల్ల వెనుక మెజిస్ట్రేట్ గూడ లేచి, రెండు చేతులు బల్ల మీద ఆనిచ్చి నిలబడ్డడు. జలపతి పెదవి దిక్కు శానసేపు చూసిండు. "ముందు డాక్టరుకు చూపించండి. తర్వాత రిమాండుకు పంపండి" అని గుమస్తాకు చెప్పిండు.

గుమస్తా వంగి రిజిస్టరు తెరిచిండు. "పేరు జలపతి. తండ్రి పేరు?"

"చిన్నయ్య" అన్నది లింగవ్వ. "తల్లి దిక్కు గూడ రాయి నాయినా. రాణి వజ్రమ్మ బిడ్డ రాజవ్వ, రాజవ్వ బిడ్డ నర్సవ్వ, నర్సవ్వ బిడ్డను నేను, లింగవ్వను. సిరిసిల్ల మగ్గం మీద పుట్టినోళ్లం. గీడు నా కొడుకు."

గుమస్తా మెజిస్ట్రేట్ దిక్కు చూసిండు.

"రాయండి" అన్నడాయన. "ఒక్క పేరు పోవద్దు."

నిలబడే రాసిండు గుమస్తా. సిరా ఆరినంక మెజిస్ట్రేట్ నిలబడే సంతకం పెట్టిండు. ఇగ ఆ పిల్లగాడు అడివిల మాయమైపోయే మనిషి కాదు. బంట్రోతు వాకిట్లకు ఇనబడేటట్టు గట్టిగ పిలిచిండు:

"రాణి వజ్రమ్మ వంశం, లింగవ్వ కొడుకు జలపతి... హాజర్ ఉన్నడా?"

జలపతి బేడీల చేతులు పైకెత్తిండు.

"ఉన్న" అన్నడు.