గంగవైపు గది, గల్లీవైపు గది

కాశీలో హోటలు చూసే పని బంగారురాజు మీద పడడానికి కారణం ఒక్కటే. మిగతావాళ్లందరూ అతనికన్నా ముందు తల తిప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్న టెల్కో కాలనీలో, ఫ్యాక్టరీ ఇచ్చిన అతని క్వార్టర్‌లో అత్తగారి పిల్లలు ముగ్గురూ కూడారు. పెద్దవాడు రంగనాథ్, గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీకి డిప్యూటీ జనరల్ మేనేజరు. రెండోది గౌరీదేవి, బంగారురాజు భార్య. ఆఖరిది రీనా. రీనా భర్త వెంకటరావుకి పర్సుడీహ్ బజార్లో టైర్ల దుకాణం. బంగారురాజు ట్రక్కుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. పైన ఒక మేనేజరు బావ, పక్కన ఒక వ్యాపారం తోడల్లుడు, నడుమ యూనిఫారంలో తను.

"ఎలాంటి హోటలు చూడాల?" అని అడిగాడు బంగారురాజు.

"నాకేముంది బావా, ఎక్కడైనా సర్దుకుంటాను" అన్నాడు రంగనాథ్. పక్కనే ఉన్న అతని భార్య శాంత ఆ మాట విని కళ్లజోడు సర్దుకుంది.

"మాకేటి అన్నయ్యా, స్టేషన్లో తువ్వాలేసుకుని అయినా తొంగుంటాం" అన్నాడు వెంకటరావు. నిజంగా స్టేషన్లో పడుకోబెడితే ఏం జరుగుతుందో అతని గొంతులోనే ఉంది.

ఎవరికెంత కుదురుతుందో అడగాలని బంగారురాజు నోరు తెరిచాడు. గౌరీదేవి కాఫీ గ్లాసు తెచ్చి ఆ నోటికి అందించింది. వాళ్లింట్లో ఒంటికి వచ్చిన పుండు గురించి భోజనాల దగ్గర మాట్లాడుకోవచ్చుగానీ, ఎవరి దగ్గర ఎంత ఉందో మాట్లాడుకోకూడదు.

గోడకి ఆనుకుని కూర్చున్న వరహాలమ్మ అప్పుడు గొంతు సవరించుకుంది. ఆవిడ ఈ ముగ్గురి తల్లి. మోకాళ్లు ఇంకో ఏడాది సహకరిస్తాయో లేదో అన్న వయసు.

"బాబూ, నాకు పిల్లలు ముగ్గురూ ఒక్క కప్పు కింద ఉండాల. పొద్దున్న లేచి మూడు తలుపులూ నేనే కొట్టాల. అలాగైతేనే వత్తాను. లేదంటే గంగ అక్కడే ఉంటాది, నేనిక్కడే ఉంటాను. మళ్లీ పూరీ లాగా సేత్తే మాత్రం నన్నింక ఎక్కడికీ పిలవకండి."

పూరీ పేరు రాగానే అందరూ ఫ్యాన్ వైపు చూశారు. పూరీలో రంగనాథ్ సంసారం సముద్రం ఎదురుగా హోటల్లో దిగింది. మిగిలినవాళ్లు గుడి వెనక లాడ్జీలో దిగారు. మర్నాడు దర్శనం లైన్లో రీనా, "వదినా, మీ అలలు బాగున్నాయా?" అని అడిగింది. "మీ దోమలు బాగున్నాయా?" అని శాంత మర్యాదగా ఎదురడిగింది. ఆ తర్వాత రెండేళ్లు అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. పండక్కి పిండివంటలు కూడా బంగారురాజు చేతిమీదుగానే అటూ ఇటూ వెళ్లేవి. ఎవరి డబ్బా ఎవరిదో కలిపేసినందుకు అతనికి రెండువైపులా చీవాట్లు పడ్డాయి.

"నాది పూచీ అత్తా" అని బంగారురాజు ఆవిడ చేతిలో చెయ్యేశాడు. వేశాక తెలిసింది, ఈసారి కూడా చెడితే ముసలావిడ కాశీ అతని చేతుల్లోనే పోతుందని.

ఆ సాయంత్రం కూతురు అర్పిత ఫోన్ పట్టుకుని కాశీలో హోటళ్లు చూపిస్తూ జనం రాసిన అభిప్రాయాలు చదివింది. ఒక కలకత్తా పెద్దమనిషి ఒక హోటల్‌ని తెగ మెచ్చుకున్నాడు: దుప్పట్లు శుభ్రం, చాయ్ వేడి, కోతులు బాల్కనీ దాటి లోపలికి రావు. ఇంకో ఆయన, అదే హోటల్లో, కోతి తన పళ్లసెట్టు తీసుకెళ్లిందని అయిదింటికి ఒకే ఒక్క చుక్క ఇచ్చాడు. ఆ చుక్క హోటల్‌కో కోతికో రాయలేదు.

బంగారురాజు ఆలోచించాడు. అతను పుట్టి పెరిగింది కాలనీలో. అక్కడ మనిషిని చూడనక్కర్లేదు, క్వార్టర్ టైపు చూస్తే చాలు. ఆఫీసరూ, ఫోర్‌మనూ, ఖలాసీ అందరూ ఒకే గేటు లోపల ఉంటారు, ఎవరి టైపు వాళ్లది. ఇంతకన్నా పద్ధతిగా లోకాన్ని ఎవరూ కట్టలేరని అతని నమ్మకం. అదే పద్ధతిలో కేదార్ ఘాట్ దగ్గర ఒకే గల్లీలో మూడు హోటళ్లు ఏరాడు. బావకి నది ఒడ్డున పాత రాజుగారి హవేలీ. అది చాలా పురాతనమైనది, మెట్లు కూడా అంతే పురాతనమైనవి. తనకి మధ్యలో ఒక మామూలు హోటలు. తోడల్లుడికి చివర్లో ఒక లాడ్జీ. గల్లీ ఒకటే కాబట్టి కప్పు కూడా ఒకటేనని తనకి తాను చెప్పుకున్నాడు. ఎవరి ఫొటో వాళ్లకి విడివిడిగా పంపి హాయిగా భోంచేశాడు.

ఆ హాయి మర్నాడు డ్యూటీ దిగేదాకా నిలిచింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు బస్సు ఎక్కబోతుంటే రంగనాథ్ కారు ఆగింది. "ఎక్కు బావా, దింపుతాను" అన్నాడు. గమ్హరియా నుంచి ఇంటికి వెళ్లే మనిషికి టెల్కో గేటు దారిలో తగలదు. బంగారురాజు ఎక్కి కూర్చున్నాడు.

"ఫొటో చూశాను. చాలా బాగుంది" అన్నాడు రంగనాథ్. కొంతదూరం పోయాక మళ్లీ, "చాలా... బాగుంది" అన్నాడు.

"నీ స్థాయికి తగ్గట్టు చూసాను బావా."

రంగనాథ్ కారు పక్కకి తీసి ఆపేశాడు. "స్థాయి గురించే చెప్పాలి. ఫ్లాటు వాయిదా, కారు వాయిదా, మావాడు సిద్ధార్థ్ పూనా కాలేజీ ఫీజు. నెల మొదట్లో నేను డిప్యూటీ జనరల్ మేనేజర్ని బావా. రెండో వారం నుంచి అప్రెంటిస్‌ని. ఆ హవేలీలో ఒక్క రాత్రి పడుకుంటే పొద్దున్నే బిల్లు చూడ్డానికి నిద్ర లేవబుద్ధి కాదు."

"మరైతే లాడ్జీ..."

"లాడ్జీలో దిగితే చెల్లెళ్లు ఏమనుకుంటారు? నాకు తక్కువలో కావాలి, కానీ నేను అడిగినట్టు ఉండకూడదు. శాంతకి అసలు తెలీకూడదు."

బంగారురాజు సరేనని దిగాడు. ఇంటి ముందు వెంకటరావు స్కూటరు ఆగి ఉంది. వెంకటరావు దాని మీదే కూర్చుని ఉన్నాడు, లోపలికి రానని ముఖంలోనే రాసి ఉంది.

"ఏటన్నయ్యా, నన్ను లాడ్జీలో ఏసావు? నేనేటి నీ కళ్లకి అడుక్కుతింటన్నట్టు కనపడతన్నానా?"

"నువ్వే కదరా, స్టేషన్లో తొంగుంటానన్నావు?"

"అంటాం! అందరూ అంటారు. అంటే పడుకోబెట్టేత్తావేటి?" వెంకటరావు గొంతు తగ్గించాడు. "చూడన్నయ్యా. పూరీ కాడ్నించీ రీనాది ఒకటే మాట. ఒక్కసారి కిటికీ తీత్తే నీళ్లు కనపడాల అని. లారీలు పెరిగినాయి, టైర్లు బాగా పోతన్నాయి. గానీ ఆ మాట నోట్లోంచి రానీకూడదు. ఇన్‌కం టాక్సోడికన్నా ముందు చుట్టాలొచ్చేత్తారు."

"మరి ఏటి సెయ్యమంటావు?"

"మంచి గదే ఇయ్యి. గానీ నువ్వే పొరపాటున ఇచ్చినట్టుండాల. నేనడిగానంటే ఎగిరెగిరి పడతన్నాడు అంటారు."

వెంకటరావు వెళ్లిపోయాడు. బంగారురాజు లోపలికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఉన్నవాడు ఉందని చెప్పడు, లేనివాడు లేదని చెప్పడు. మేనేజరుని లాడ్జీలోనూ టైర్ల దుకాణాన్ని హవేలీలోనూ దింపితే ఈసారి పిండివంటల డబ్బాలు మోసే పని కూడా మిగలదు. అందులో కప్పు ఒకటే కావాలన్న ముసలావిడ కోరిక అసలు చోటే లేకుండా పోయింది.

గౌరీదేవి విషయం విని నెత్తి కొట్టుకుంది. "మనిషికో హోటలు చూసారా? పూరీలో ఒకరికే అలలున్నాయని కదా గొడవ! నాకైతే ఏదైనా పర్లేదు. వదినకన్నా తక్కువ కాకూడదు, మా చెల్లి కన్నా ఎక్కువ కాకూడదు. అంతే."

అంతే అన్న మాట ఆమె అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో బంగారురాజుకి అర్థం కాలేదు.

అర్పిత ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "పాపా, ఏక్ హీ హోటల్ మే కర్ దో నా. సామ్నే గంగా, పీఛే గల్లీ. పీఛేవాలా ఆధే మే హై" అంది, అందరికీ ఒకే హోటలు తీసుకోమని.

"ఏదీ?"

పళ్లసెట్టు పోయిన హోటలే. నదివైపు గదులకి బాల్కనీ, గంగ. వెనకవైపు గదులకి గల్లీ, ఒక లస్సీ దుకాణం. అవి సగం ధరకే. ఒకే మెట్లు, ఒకే వరండా, ఒకే కప్పు. మూలమీద ఇంకో గది ఉంది. దాని కిటికీలోంచి మెడ బయటికి పెడితే సగం గంగ కనిపిస్తుంది. ధర కూడా మధ్యస్థం. బంగారురాజుకి ఆ మూలగది తన కోసమే కట్టినట్టు తోచింది.

"గల్లీ గదిలో మా అన్నయ్యని ఏమని దింపుతారు?" అంది గౌరీదేవి.

"అదే తెలవడం లేదు."

"డబ్బు మాటెత్తకండి. జబ్బు మాటెత్తండి. మనోళ్లకి డబ్బు లేదంటే పరువు తక్కువ. జబ్బుందంటే గౌరవం."

బంగారురాజు భార్య వైపు మొదటిసారి చూసినట్టు చూశాడు. వెంటనే రంగనాథ్‌కి ఫోన్ చేశాడు.

"బావా, శాంతక్కకి సైనస్ ఉందా?"

"లేదు."

"ఉంది."

"ఎప్పట్నించి?" అన్నాడు రంగనాథ్.

"ఇవాళ్టినుంచి. నదిగాలి పడదు."

"పాపం" అన్నాడు రంగనాథ్, చాలా ఏళ్ల తర్వాత ఎవరో తన వీపు మీంచి మూట దింపినట్టు.

మళ్లీ ఆదివారం అందరూ కూడారు. బంగారురాజు ఫ్యాక్టరీ షట్‌డౌన్ మీటింగులో చెప్పినట్టు నిలబడి చెప్పాడు. హోటలు ఒకటే. కప్పు ఒకటే. అత్త మూడు తలుపులూ కొట్టుకోవచ్చు. నదివైపు ఒకటే గది దొరికింది, తను పొరపాటున దాన్ని వెంకటరావు పేరుమీద పెట్టేశాడు, ఇప్పుడు మార్చడానికి వాళ్లు ఒప్పుకోరు. వెంకటరావు నేల చూపులు చూస్తూ, "అయ్యో, మాకెందుకన్నయ్యా అంతంత గదులు" అన్నాడు. అతని చెవులు మాత్రం సంతోషంతో ఎర్రబడ్డాయి. రీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి అన్నయ్యావాళ్లకి?" అంది రీనా.

"గల్లీ వైపు. బావే అడిగాడు. శాంతక్కకి సైనస్ కదా, నదిగాలి పడదు."

"నాకు సైనసా?" అంది శాంత.

ఈ ఒక్క సంగతి ఆవిడకి చెప్పే పూచీ ఎవరిదో ఎవరూ అనుకోలేదు. రంగనాథ్, బావ చెప్తాడనుకున్నాడు. బంగారురాజు, బావ చెప్తాడనుకున్నాడు. ఇప్పుడు ఇద్దరూ గోడమీది క్యాలెండర్లో తిథులు చదువుకుంటున్నారు. రీనా కొంగు కిందికి దిగింది. వదిన ముఖంలోంచి అన్న ముఖంలోకి, అక్కడినుంచి బావ ముఖంలోకి చూసింది. బంగారురాజుకి కాళ్ల కింద కాశీ కదిలిపోయింది.

"ఉంది కదమ్మా" అంది వరహాలమ్మ గోడ దగ్గర్నుంచి. "పెళ్లిపీటల మీద తుమ్మినావు. నేను అపశకునం అనుకుని ఇన్నేళ్లూ నిన్ను లోలోపల తిట్టుకున్నాను. జబ్బని తెలీక. తప్పయిపోయిందమ్మా."

ముసలావిడ కళ్లు చల్లగా, ఏమీ తెలియనట్టు కోడలి మీదే నిలిచాయి. శాంత భర్త వైపు చూసింది. భర్త మెడ వెనక చెమట చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మెడ అలా చెమర్చేది బ్యాంకు నుంచి ఫోన్ వచ్చినప్పుడే. ఆవిడ కళ్లజోడు తీసి, పర్సులోంచి చేతిరుమాలు తీసి, నెమ్మదిగా, చాలా పద్ధతిగా తుమ్మింది.

"చలికాలంలో మరీ ఎక్కువ" అంది.

"అయ్యో వదినా, ఇన్నాళ్లూ చెప్పలేదేటి!" అని రీనా లేచి వచ్చి పక్కన కూర్చుంది. "అయితే పూరీలో కూడా ఆ సముద్రం గాలికి..."

"ఏం చెప్పను. రాత్రంతా నిద్రలేదు."

"అందుకేనేటి పొద్దున్న లైన్లో చిరాగ్గా ఉన్నావు!"

"అందుకే" అంది శాంత. ఈసారి ఆవిడ గొంతు నిజంగానే కొంచెం బొంగురుపోయింది. "నేనలా అనకుండా ఉండాల్సింది రీనా."

"ముందు గిల్లింది నేనే కదా. పొద్దున్నపూట గాలి లేనప్పుడు మా బాల్కనీకి రా వదినా. సూర్యుడొచ్చేటప్పుడు ఒక్కసారి చూసెళ్లిపో."

"ఒక్కసారైతే ఫర్వాలేదు" అంది శాంత.

గౌరీదేవి తమ గది ఎక్కడో అడిగి తెలుసుకుంది. వదినకన్నా తక్కువ కాదు, చెల్లికన్నా ఎక్కువ కాదు. వంకపెట్టడానికి ఏమీ దొరక్క, "మెడ పట్టేత్తే మీదే బాధ్యత" అని లోపలికి వెళ్లింది.

"మరి అత్తయ్య ఏ గదిలో?" అన్నాడు వెంకటరావు.

"రోజుకో గది" అంది వరహాలమ్మ. "ఎవురు గురక పెడతారో తెలుసుకోవాలి."

అర్పిత "కన్ఫర్మ్ కర్ దూఁ?" అంది. బంగారురాజు తలూపాడు. ఫోన్ టింగుమంది. వరహాలమ్మ గోడ పట్టుకుని లేచి, చేతికర్ర కూడా మర్చిపోయి, పెట్టెలో చీరలు చూసుకోవడానికి లోపలికి నడిచింది. వెళ్తూ అల్లుడి తలమీద ఒక్కసారి చెయ్యేసి తీసింది.

రంగనాథ్ జిలేబీ తెస్తానని లేచాడు. కారు తీయబోతుంటే వెంకటరావు, "సందులోకి కారెందుకు బావా, కూకో" అని స్కూటరు ముందుకు తెచ్చాడు. డిప్యూటీ జనరల్ మేనేజరు ప్యాంటు మడత నలగకుండా చూసుకుని వెనక ఎక్కి, మలుపు తిరగ్గానే బావమరిది భుజం గట్టిగా పట్టుకున్నాడు.

వంటింట్లోంచి అప్పుడే గొంతులు పైకి లేచాయి. రైల్లోకి పులిహోర తానే తెస్తానని రీనా, చింతపండుతో గొంతు పట్టేస్తుందని, పూరీ కూర తానే చేస్తానని శాంత. నిమ్మకాయ పులిహోర అయితేనో అని గౌరీదేవి. "నిమ్మకాయది పులిహోరేటే?" అని రీనా. గిన్నె ఒకటి కింద పడింది. ఎవరూ ఆగలేదు.

బంగారురాజు వారం తర్వాత మొదటిసారి చెప్పులు విప్పి కాళ్లు బారజాపాడు. కాఫీ తెచ్చిన గౌరీదేవి అతని ముఖం చూసి ఆగింది.

"ఏటి, ఒక్కరే నవ్వుకుంటన్నారు? లోపల వాళ్లిద్దరూ కొట్టుకునేలా ఉన్నారు."

"ఏటి గురించి?"

"పులిహోర గురించి."

"కొట్టుకోనీ" అన్నాడు బంగారురాజు. గ్లాసు అందుకుని, ఇంకొంచెం చక్కెర వెయ్యమన్నాడు.