పై తోటలో గళ్ల చొక్కా

"తెల్లారేసరికి పై తోటకి మంచు పట్టేస్తుందట," అన్నాడు చిన్నోడు రేడియో కట్టేసి, వంటింటి వైపు తిరిగి.

వాళ్లమ్మ కుడిచెవి ఎప్పుడో రిటైరైపోయింది. ఎడమచెవి తోచినప్పుడు డ్యూటీకి వస్తుంది. ఆవిడ చేతిలో చేట కింద పెట్టి, "ఎవర్రా మంచం పట్టింది?" అంటూ లేచి, నేరుగా పెద్దకోడలి గదిలోకి వెళ్లి ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టింది. బట్టలు మడతపెడుతున్న కోడలు బిత్తరపోయింది. జ్వరం లేదని మూడుసార్లు చెప్పాక గానీ ఆ చెయ్యి కిందికి దిగలేదు.

ఇంకో ఇంట్లో అయితే దీనికి వారం రోజులు నవ్వుకునేవాళ్లు. ఈ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మంచుకీ మంచానికీ మధ్య ఇక్కడ మూడు రోజులే దూరం. నిరుడు వసంతంలో మంచు పడ్డ మూడో రోజున పెద్దోడు మంచం పట్టాడు. పదో రోజున మంచం ఖాళీ చేశాడు.

చిన్నోడికి నలభై ఎనిమిదేళ్లు. అన్న ఉన్నన్నాళ్లూ చిన్నోడే, అన్న పోయాకా చిన్నోడే. ఆ ఉద్యోగంలో ప్రమోషన్ లేదు.

ద్రాక్షతోటలో పొగ పెట్టడమంటే మనుషుల్ని వెళ్లగొట్టడం కాదు, మంచుని వెళ్లగొట్టడం. వరసల మధ్య తడిగడ్డి కుప్పలు ముట్టించి, ఆ పొగని దుప్పటిలా తీగల మీద కప్పాలి. నిరుడు ఆ తెల్లవారుజామున ఇద్దరు చెయ్యాల్సిన పని పెద్దోడు ఒక్కడే చేశాడు. చిన్నోడికి మెలకువ రాలేదని ఇంట్లో అనుకున్నారు. అసలు సంగతి చిన్నోడికి ఒక్కడికే తెలుసు. ఏడాదిగా అది మింగుడు పడలేదు, కక్కుడూ పడలేదు.

వదిన అతన్ని ఒక్క మాట అనలేదు. అసలు మాటలే తగ్గించేసింది. అన్న స్వయంగా నాటిన పై తోటలో ఇక అడుగుపెట్టనని మాత్రం చెప్పింది. చిన్నోడూ అటు పోవడం మానేసి కింద తోటతో సరిపెట్టుకున్నాడు. ఈ ఏడు గనక పై తోట చిగురు తొడగకపోతే తీగలు పీకించి జొన్న చల్లిద్దామని ఆవిడ అత్తగారితో అంటుంటే అతని చెవిన పడింది. అన్నని రెండోసారి సాగనంపుతారన్న మాట.

ఈ ఏడు కాలానికి మతి చలించింది. చలి పోకముందే ఎండలొచ్చాయి. తీగలు తొందరపడి కళ్లు తెరిచాయి. ద్రాక్ష రైతులు మొగ్గని కన్ను అంటారు. కళ్లు తెరిచాయో లేదో మూడు రోజులు ముసురు పట్టి మళ్లీ చలి తిరిగొచ్చింది. దాంతోపాటు పెంకు పురుగు దిగింది. పేరుకి పెంకు పురుగు, పనికి పెంకి పురుగు. చిగురు విచ్చకముందే కంటి మధ్యలో బెజ్జం పెట్టి లోపలిదంతా తినేస్తుంది. తిన్న కన్ను మరి తెరుచుకోదు. తోటకి తెగులు, ఇంటికి దిగులు.

ఎనిమిది రోజుల కిందట కింద తోట గట్టు మీంచి చిన్నోడికి పైన ఏదో రెపరెపలాడుతూ కనిపించింది. పోకూడదనుకుంటూనే పోయాడు. మొదటి వరసలో తీగ తీగకీ గుడ్డపీలిక. నీలం గళ్లది. అన్న చొక్కా. ముడి కూడా అన్నదే, తీగ గొంతు నొక్కకుండా ఒక చెవి వదిలేసి కట్టేది.

పాతికేళ్లు ఆ ముడి వెనకాలే నడిచాడు. పురుగుని పోల్చుకోవడం తమ్ముడికి చేతకాదని అన్న గట్టి నమ్మకం. అందుకని ముందు తాను నడుస్తూ గుడ్డలు కట్టేవాడు. "గుడ్డ ఉన్నచోట మందు కొట్టు. నువ్వు మాత్రం కొట్టకు," అనేవాడు. అదొక్కటే ఆయనకొచ్చిన జోకు, పాతికేళ్లూ అదే.

చిన్నోడు కిందికి పరిగెత్తాడు. పైకి మందు పంపు తెచ్చుకుని, భుజానికి తగిలించుకుని, గుడ్డ ఉన్న ప్రతి తీగకీ మందు కొట్టాడు. మర్నాడు సాయంత్రం వెళితే రెండో వరసలో గుడ్డలు. ఆ మర్నాడు మూడో వరస. మందు కొడుతూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. తిరిగితే అన్న ఉంటాడని భయం. ఉండడేమోనని అంతకంటే భయం. అన్న ముడులు పైన కనబడుతున్నాయని అమ్మ ఎడమచెవిలో మాత్రం చెప్పాడు. ఎనిమిది రోజుల్లో ఇరవై వరసల తోటలో ఎనిమిది వరసలయ్యాయి. గుడ్డ లేని వరసల వైపు అతను కన్నెత్తి చూడలేదు. అన్న చెప్పకుండా ఎలా?

రేడియో మంచు మాట చెప్పిన మర్నాడు తెల్లవారుజామునే లేచాడు. ఈసారి లేవకపోవడమంటూ ఉండకూడదనుకున్నాడు. అగ్గిపెట్టె, కిరసనాయిలు డబ్బా పట్టుకుని గట్టెక్కేసరికి తోటంతా తెల్లగా అలుక్కుపోయి ఉంది. తొమ్మిదో వరసలోంచి చప్పుడు. టక్. ఆగి మళ్లీ టక్.

మంచులో అన్న కోటు నిలబడి ఉంది. దాని చేతిలో అన్న నల్ల గొడుగు తిరగేసి ఉంది, వాన నేలలోంచి పైకి కురుస్తుందన్నట్టు.

"అన్నా," అన్నాడు. గాలే వచ్చింది, గొంతు రాలేదు.

ఆకారం ఆగింది. తల తిప్పకుండానే, "వచ్చారా?" అంది.

వదిన గొంతు.

తిరిగి చూసి, "నువ్వా," అంది. ఏడాది తర్వాత నేరుగా అతనితో అన్న మాట అది. అందులో కోపం లేదు. ఎదురుచూసిన బండి కాక వేరే బండి వచ్చినప్పుడు స్టేషన్లో మనిషి మొహం ఉంటుందే, అలా ఉంది.

గొడుగు బొజ్జలో చలికి కొయ్యబారిన పురుగులు గుప్పెడు ఉన్నాయి. తెల్లవారుజాము చలికి అవి ఎగరలేవు. కర్రతో తీగ మీద తడితే గొడుగులోకి రాలతాయి. పెళ్లయిన నాటినుంచీ మొగుడూ పెళ్లాం పొద్దున్నే చేసే పని అదే. దులిపిన తీగకి గుర్తుగా గుడ్డ కడతారు, మళ్లీ దులపకుండా.

"గుడ్డ ఉంటే మందు కొట్టాలని కదా," అన్నాడు చిన్నోడు.

"గుడ్డ ఉంటే అయిపోయినట్టు," అంది వదిన.

ఒకే గుడ్డ, ఒకే ముడి. పొద్దున పెళ్లానికి ఒక అర్థం, మధ్యాహ్నం తమ్ముడికి ఇంకో అర్థం. ఆ మధ్యలో గుడ్డలు విప్పి, పురుగు మిగిలిన తీగలకి మార్చి కట్టే పని పెద్దోడు ఎవరికీ చెప్పకుండా తనే చేసుకునేవాడు. ఇప్పుడు చేసేవాడు లేడు. అంచేత చిన్నోడు ఎనిమిది రోజులుగా పురుగు లేని తీగలకే మందు కొట్టాడు.

పీకిద్దామని అన్నది తనే అయినా ఉండబట్టలేక వచ్చానని వదిన చెప్పింది. మొదటిరోజు దులిపి వెళ్లి, రెండోరోజు వచ్చి చూస్తే సరిగ్గా తను కట్టిన తీగలే మందు వాసన కొట్టాయట. ఈ తోటలోకి చిన్నోడు రాడని ఆవిడకి తెలుసు. మరి కొట్టిందెవరు? అప్పట్నుంచి రోజూ కోటు వేసుకుని వస్తోంది, ఆయన ఆనవాలు పట్టేలా.

చిన్నోడు డబ్బా కింద పెట్టాడు. "నిరుడు నాకు మెలకువ వచ్చింది వదినా. అన్న తలుపు తట్టడం విన్నాను. చలికి దుప్పటి ముసుగు పెట్టుకున్నాను."

ఆవిడ గొడుగు నేల మీద ఆనించింది.

"రెండోసారి తట్టబోతే నేనే ఆపాను," అంది. "పడుకోనీయండి, మీరు చాలరా అన్నాను."

తర్వాత ఇద్దరూ తడిగడ్డి కుప్పలు పేర్చి ముట్టించారు. పొగ తీగల మీదకి పాకింది. కళ్లు మండాయి. మండడానికి పొగ ఉంది కాబట్టి ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది.

ఎండెక్కాక కత్తిరింపుల మేస్త్రీ వచ్చాడు. తీగలు కత్తిరించే చేతికంటే ఆయన నాలుకకే పదునెక్కువ కనక ఊళ్లో కత్తెర మామ అంటారు. తోటంతా తిరిగి వచ్చి పంచలో కూర్చున్నాడు. ఎనిమిది వరసలు బ్రహ్మాండం, పన్నెండు వరసలు గుడ్డివన్నాడు. "పక్క కన్ను ఉంటుంది, దానికి చిగురొస్తుంది. గుత్తి రాదు. పీకేస్తే అది కూడా రాదు," అన్నాడు.

పీకడం లేదని వదిన అంది.

అసలు ఎనిమిదికే గుడ్డలెందుకున్నాయని మామ అడిగాడు. చెప్పక తప్పలేదు. చిన్నోడు సగం, వదిన సగం, అమ్మకి వినబడేలా గట్టిగా చెప్పుకొచ్చారు. ఎవరు కట్టారు, ఎవరు కొట్టారు, ఎవరు ఎవరనుకున్నారు. మామ తొడ చరిచి, ఇద్దరు బతికున్నవాళ్లు ఒకళ్లకొకళ్లు దయ్యాలై తిరిగారన్నమాట అని నవ్వాడు. వదినకీ నవ్వొచ్చింది. చిన్నోడూ నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఒక్కొక్క మాటా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నట్టు కూర్చుంది. "గుడ్డలు కోడలు కట్టింది. మందు నువ్వు కొట్టావు," అంది చివరికి. "అయితే వాడు రావట్లేదన్నమాట."

మామ నవ్వు ఆపేశాడు. వదిన లేచి, అత్తగారి పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"లేదత్తయ్యా," అంది. "మేమే."