టిష్యూ పొట్లం పెట్టిన గది

శనివారం వస్తే చాలు, గోపాలకృష్ణ కాఫీ తాగి, ఖాళీ గదిలో దుప్పటి మార్చి, అద్దెకొచ్చేవాళ్ళ కోసం తలుపు తీసి కూర్చుంటాడు. క్లెమెంటిలో యూనివర్సిటీ పక్క ఫ్లాట్ కదా, గిరాకీకి లోటు లేదు. ఆయన పట్టింపు ఒక్కటే: ఇండియావాళ్ళు వద్దు. మరి ఈయనో? తాతల నాడే పక్క దేశం మలేసియాలో దిగిన తెలుగు కుటుంబంవాడు. ఆ లెక్క వేరట!

ఆ శనివారం అమూల్య వచ్చింది. రీసెర్చ్ సీటు దొరికింది గానీ తల దాచుకోను గది దొరకలేదు.

"సారీమ్మా, ఇండియన్స్‌కి ఇవ్వను. పోపు వాసనకి పక్కవాళ్ళు గోల పెడతారు," అన్నాడు, చక్కటి తెలుగులో.

"మీరూ పోపు వేసుకుంటారుగా అంకుల్?"

"మేం వేరు లా," అన్నాడు, ఈ ఊరి యాస తగిలించి.

అమూల్య గదిలోకి నడిచింది. సంచీలోంచి టిష్యూ పొట్లం తీసి మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది. ఈ ఊళ్ళో తిండి కొట్లన్నీ ఒకచోటుండే హాకర్ సెంటర్లో బల్ల మీద పొట్లం పెడితే ఆ చోటు చోప్ అయినట్టే, అంటే ఎవరో ముందే పట్టుకున్నట్టే, ఎంత ఆకలిగా ఉన్నవాడైనా దాన్ని ముట్టుకోడు.

గోపాలకృష్ణ రెండు చేతులా లాగినా పొట్లం కదల్లేదు. గది చూడ్డానికి వచ్చినవాళ్ళు "చోప్ అయిపోయిందిగా" అని వెనుదిరిగారు. ఎవరూ వింతపడలేదు.

సంగతి తెలిసి, కాదనిపించుకున్న ఇండియా పిల్లలంతా తాము చూసొచ్చిన ఇళ్ళలో అదే పని చేశారు. ఈ ఊళ్ళో వీధిలో నిలబడి అరవాలంటే పర్మిట్ కావాలి, టిష్యూ పెట్టడానికి అక్కర్లేదు. పొట్లం పెట్టిన చెయ్యి తీస్తేనే వస్తుంది కాబట్టి ఇళ్ళవాళ్ళు దిగొచ్చి, పిలిచి మరీ తాళాలిచ్చారు. గోపాలకృష్ణ మాత్రం "గది బూజు పట్టిపోనీ, పిలవను" అని భీష్మించాడు.

అంతలో మలేసియాలోని పేరక్ నుంచి తల్లి రాజామణిని తమ్ముడు తెచ్చి దింపి, తనూ ఆగాడు. కాళ్ళు వాచిపోయాయి, పడుకునే ఉండాలన్నాడు డాక్టరు.

"ఎవరిదో చోటురా ఇది," అని ఆవిడ మంచం దగ్గరే ఆగిపోయింది.

కొత్త మంచం కొన్నాడు. పరుపు వేసేలోపే, ఎవరూ పెట్టకుండానే, దాని మీద పొట్లం. సోఫా మీదా, కుర్చీల మీదా పొట్లాలే. హోటల్‌కి వెళదామంటే ఆవిడ కదల్లేదు.

"కొడుకింట్లో చోటు లేనిదాన్ని, ఇంకెక్కడికి పోనురా? ఎవర్ని పొమ్మన్నావు?"

గోపాలకృష్ణకి అప్పటికి దిగింది పొగరు. అమూల్యకి ఫోన్ చేశాడు. "తల్లీ, మా అమ్మకి నడుం వాల్చను చోటు లేదు, నీ కాళ్ళు పట్టుకుంటాను, వచ్చి తీసెయ్యి. గది నీదే."

"గది దొరక్క సీటు వదిలేసుకున్నానంకుల్. ఏలూరొచ్చేశాను," అంది అమూల్య. ఏడ్చేసింది కూడా. "పెద్దావిడ కోసం ఎందుకు తీయనూ? ఇక్కణ్ణుంచి ఎలా తీయను?"

సాయంత్రానికల్లా రాజామణి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడే ప్రాణం విడిచింది. గోపాలకృష్ణ ఘొల్లుమన్నాడు. శవాన్ని నేల మీద పడుకోబెడదామన్నా జానెడు జాగా లేదు, గచ్చంతా పొట్లాలే. అన్నదమ్ములిద్దరూ తల్లిని చెరో రెక్కా పట్టుకుని, నిలబెట్టే లిఫ్టులో కిందకి దింపారు.

కింద స్తంభాల నీడన చాప పరుచుకుని ఇండియా నుంచి వచ్చిన కూలీలు అన్నాలు తింటున్నారు. వాళ్ళు గబగబా లేచి, ముద్దలు వదిలేసి, ఆవిడకి చాప ఇచ్చారు.