వినాలనుకున్న చప్పుడు

గుండె డాక్టరుకు గుండె ఉంది, కిడ్నీ డాక్టరుకు కిడ్నీ ఉంది, ఎముకల డాక్టరుకైతే రెండువందల పైచిలుకు ఎముకలున్నాయి. "మరి మీరు దేనికి డాక్టరమ్మా?" అని రోగుల బంధువులు అడిగినప్పుడల్లా ఐసీయూ డాక్టరమ్మకు చప్పున జవాబు దొరికేది కాదు. ఒంట్లో ఏ భాగమూ ఆమె వాటాకు రాలేదు. అన్ని భాగాలూ కూడబలుక్కుని ఒకేసారి మొండికేసిన రోజున, మనిషికి మనిషే ఆమె వాటాకు వస్తాడు. గుండె డాక్టరు వచ్చి సెలైన్ తగ్గించమంటాడు, కిడ్నీ డాక్టరు వచ్చి పెంచమంటాడు. ఇద్దరూ రాయాల్సింది రాసి చక్కా వెళ్ళిపోతారు. ఏం చెయ్యాలో తేల్చి, ఆ తేల్చినదానికి పూచీపడి, మంచం పక్కన నిలబడేది ఆమె.

పన్నెండేళ్ళుగా ఆ యూనిట్ ఆమె చేతిమీదుగా నడుస్తోంది. కొత్తగా చేరిన జూనియర్లకు మొదటిరోజే ఒక మాట చెప్పేది. బంధువులకు నిజం చెప్పండి, కానీ రోజు మాత్రం చెప్పకండి. రేపు లేచి కూర్చుంటాడనో, ఎల్లుండి ఇంటికెళ్తాడనో నోరు జారారా, ఇక అక్కణ్ణుంచి మీ కళ్ళు రోగిని వదిలేసి కేలండర్ని చూస్తాయి అనేది.

అంత చెప్పే మనిషి, నిన్న సాయంత్రం తనే నోరు జారింది.

నాలుగో మంచం మీదావిడ చేపల మార్కెట్టులో వేలం పాడుతుంది. మైకు అక్కర్లేని గొంతని పేరు. పంటి నొప్పే కదా అని వారం రోజులు ఓర్చుకుంటే, చీము దవడ దాటి మెడలోకి దిగింది. ఆస్పత్రికి తెచ్చేసరికి గొంతు లోపలంతా వాచి ఊపిరాడే దారి మూసుకుపోతోంది. నానా తంటాలు పడి నోట్లోంచి గొట్టం దించి, మిషనుకు తగిలించి, మెడలోని చీము తీశారు. ఇది తొమ్మిదో రోజు. ఊపిరితిత్తులు బాగున్నాయి, జ్వరం దిగింది, నిద్రమందు ఆపగానే పొద్దున్నే కళ్ళు తెరిచి అందరినీ గుడ్లురిమి చూసింది.

మిగిలిన సందేహం ఒక్కటే, గొంతులో వాపు తగ్గిందా లేదా అని. తగ్గి ఉంటే గొట్టం తీసేయొచ్చు, సాయంత్రానికల్లా మాట్లాడుతుంది. తగ్గకముందే తీస్తే గొంతు మూసుకుపోతుంది. ఆ వాపులో రెండోసారి గొట్టం దించడం అయ్యే పని కాదు. నాలుగైదు నిమిషాల్లో ప్రాణం పోతుంది.

చెవి ముక్కు గొంతు సర్జన్ పొద్దున వచ్చి ఇంకో దారి చెప్పాడు. మెడ ముందు, వాపుకు కింద, చిన్న రంధ్రం చేసి గొట్టం అందులోంచి వేసేద్దామన్నాడు. ప్రాణానికి అదే క్షేమం. కానీ ఆ గొట్టం ఉన్నన్నాళ్ళూ ఆవిడకు గొంతు పెగలదు. ఎన్ని వారాలో తెలియదు, తర్వాత పాత గొంతే వస్తుందన్న పూచీ లేదు. "పన్నెండింటికి థియేటర్ అట్టేపెట్టాను, అది పోతే మళ్ళీ సోమవారమే" అని కూడా చెప్పి వెళ్ళాడు. సోమవారం దాకా ఆగడమూ తేలిక కాదు. నోట్లోని గొట్టంలో కఫం పేరుకుని ఇప్పటికే రెండుసార్లు పూడుకుపోబోయింది.

ఆవిడ భర్త అదే మార్కెట్టులో తూకం వేస్తాడు. ఎనిమిది రోజులు గాజు తలుపు అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడే తప్ప ఒక్క ప్రశ్న అడగలేదు. నిన్న మాత్రం అడిగాడు. "అమ్మా, మా ఇంటిది మళ్ళీ వేలం పాడుతుందా? దాని నోరు లేకపోతే మార్కెట్టుకి తెల్లారదమ్మా" అన్నాడు. ఆ మొహం చూసి డాక్టరమ్మకు జాలేసింది. "రేపు ఆవిడే మీతో మాట్లాడుతుంది" అనేసింది.

ఈ రోజు అతను నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తలుపు అవతల నిలబడ్డాడు.

పదకొండు దాటింది. మంచం పక్కన ట్రే సిద్ధంగా ఉంది. నోట్లోని గొట్టం లోపలి కొస చుట్టూ చిన్న గాలిబుడగ ఒకటి ఉంటుంది. దాంట్లో గాలి తీసేస్తే, వాపు తగ్గిన గొంతులో గొట్టం పక్కనుంచి ఊపిరి సుయ్‌మని బయటికొస్తుంది. వాపుంటే ఏ చప్పుడూ ఉండదు. పరీక్షంటే ఇంతే, నోటి దగ్గర చెవి పెట్టి వినడమే. మిషను కూడా అంకెలు చూపిస్తుంది కానీ, ఆ రోజు అంకెలు అటూ కాక ఇటూ కాక మధ్యలో నిలిచాయి.

హెడ్ సిస్టర్ సిరంజితో బుడగలోని గాలి లాగింది. డాక్టరమ్మ వంగి, ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టింది. సన్నగా, దూరంగా, సుయ్... అని వినిపించింది. ఆమె గుండెల మీంచి బండ దింపినట్టయింది.

"ఉంది. గాలి వస్తోంది. తీసేద్దాం" అంది.

"అవును మేడమ్, ఉన్నట్టే ఉంది" అంది పక్కనున్న జూనియర్, ఇంకా వంగనైనా వంగకుండానే.

డాక్టరమ్మ గొట్టాన్ని బుగ్గకు అంటించిన ప్లాస్టరు ఊడదీసింది. గొట్టం మీద చెయ్యి వేసింది. మంచం మీదావిడ కళ్ళు ఆ చేతినే చూస్తున్నాయి. అప్పుడు హెడ్ సిస్టర్ కదలకుండా నిలబడి, "ఇంకొక్కసారి విందామా మేడమ్?" అంది.

"విన్నాను కదా సిస్టర్."

"మీరు విన్నారు. నాకు వినబడలేదు."

ఆ ముక్కకు డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. జూనియర్ ముందు, రోగి ముందు, ఇన్నేళ్ళ అనుభవాన్ని పట్టుకుని వినబడలేదంటుందా! నోటిదాకా వచ్చిన మాటను అక్కడే ఆపుకుంది. ఆపుకున్నాక ఆమెకు భయమేసింది. నాకింత కోపం ఎందుకొచ్చింది? సిస్టర్ అడిగింది గాలి చప్పుడు గురించే కదా. తలెత్తి చూస్తే, గాజు తలుపులోంచి ఇస్త్రీ చొక్కా కనిపించింది.

"గదిలో ఇంకేం మోగుతోంది? అన్నీ ఆపండి" అంది, గొట్టం మీద చెయ్యి తియ్యకుండానే.

పక్కన ఐదో మంచం ఖాళీగా ఉంది. ఆ మంచం మీదాయన్ని పొద్దున్నే వార్డుకు పంపేశారు. గోడకున్న ఆక్సిజన్ మర మాత్రం ఎవరూ పూర్తిగా కట్టలేదు. హెడ్ సిస్టర్ వెళ్ళి మర తిప్పింది. సుయ్‌మంటున్నది టక్కున ఆగిపోయింది.

డాక్టరమ్మ మళ్ళీ వంగింది. ఒక ఊపిరి, రెండో ఊపిరి, ఐదో ఊపిరి. మిషను తోస్తోంది, ఛాతీ లేస్తోంది, నోటి దగ్గర మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. పదో ఊపిరికీ అంతే. ప్లాస్టరు ఊడిపోయిన ఆ గొట్టం తన వేళ్ళ మధ్యే ఉంది. సిస్టర్ నోరు మెదపకపోయుంటే ఈపాటికి అది ట్రేలో ఉండేది.

"బుడగ నింపండి. కొత్త ప్లాస్టరు వెయ్యండి" అంది.

సర్జన్‌కు ఫోను చేసేసరికి పన్నెండుకు పాతిక నిమిషాలుంది. "గొట్టం తీసేస్తామని పొద్దున మీరే అన్నారుగా, వేరే కేసు పెట్టేశాను" అని విసుక్కున్నాడు. వాపు తగ్గలేదని చెప్పి ఆమె బతిమాలేసరికి, "సరే, అది ఆపిస్తాను. పన్నెండుకల్లా థియేటర్లో ఉండాలి. నిమిషం దాటినా నా వల్ల కాదు" అన్నాడు.

సంతకం కాగితం పట్టుకుని తలుపు తీసింది. భర్త రెండడుగులు ముందుకొచ్చాడు, లోపలికి పిలుస్తున్నారనుకుని.

"గొట్టం తియ్యడం లేదు. మెడ దగ్గర రంధ్రం చేసి వెయ్యాలి, ఇప్పుడే. లోపల వాపు తగ్గలేదు" అంది.

అతను ఆమె చేతిలోని కాగితం కేసి చూశాడు. "మాట్లాడుతుందన్నారు కదమ్మా, ఈ రోజు."

"అన్నాను. అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

"అయితే రేపు చూద్దాం. ఎల్లుండి చూద్దాం. నేను సంతకం పెట్టను." ఎనిమిది రోజులుగా నోరెత్తని మనిషి గొంతు పెంచాడు. "మాటిచ్చి ఇప్పుడిలా అంటే ఎట్లాగమ్మా? ఆ గొంతే దాని బతుకు. అది పోయాక లేచి, నన్ను ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే నేనేం చెప్పను?"

ఆమె నచ్చజెప్పింది, బతిమాలింది, కఫం సంగతి చెప్పింది. అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. గోడ గడియారంలో పన్నెండుకు పద్నాలుగు నిమిషాలుంది. ఇక చేసేదేమీ లేక, "లోపలికి రండి, మీరే చూద్దురు గాని" అని అతన్ని మంచం దగ్గరికి తీసుకొచ్చింది. వేళ కాని వేళ మనిషిని లోపలికి తేవడం ఆ యూనిట్లో అలవాటు లేదు.

మంచానికి ఇవతల డాక్టరమ్మ, అవతల భర్త నిలబడి, మళ్ళీ అదే వాదన మొదలుపెట్టారు. మీరు అన్నారంటాడు అతను. అన్న మాట నిజమేనంటుంది ఆమె. ఇద్దరి మధ్యా మంచం మీదావిడ వీళ్ళ మొహాలకేసి మార్చి మార్చి చూసింది. చూసి చూసి, ఉన్నట్టుండి చెయ్యెత్తి మంచం కమ్మీ మీద ఠంగుమని కొట్టింది. వాదన ఆగిపోయింది. ఆవిడ గాల్లో వేళ్ళు తిప్పి రాయడానికి కావాలని సైగ చేసింది. హెడ్ సిస్టర్ అట్టకు కాగితం పెట్టి, పెన్ను చేతికిచ్చింది.

అక్షరాలు వంకరటింకరగా, పెద్దపెద్దగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వచ్చాయి.

"మాట ఇచ్చింది మీరు. పుచ్చుకుంది ఆయన. గొంతు ఎవరిది?"

డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. పొద్దుట్నుంచి సర్జన్‌తో మాట్లాడింది, సిస్టర్‌తో మాట్లాడింది, ఫోన్లో బతిమాలింది, తలుపు దగ్గర బతిమాలింది. కళ్ళు తెరుచుకుని, అన్నీ వింటూ, మూడడుగుల దూరంలో పడుకున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. మత్తులో ఉన్నవాళ్ళ తరఫున నిర్ణయాలు తీసుకుని తీసుకుని, మెలకువగా ఉన్నవాళ్ళను అడగాలన్న సంగతే మర్చిపోయింది.

స్టూలు లాక్కుని, ఆవిడ మొహానికి ఎదురుగా కూర్చుంది.

"మీదేనమ్మా. ముందు మిమ్మల్నే అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను" అంది. అంతా చెప్పింది. ఇందాక తను వినాలనుకున్నదే విన్నానని, అసలు చప్పుడు పక్క మంచం ఆక్సిజన్‌దని చెప్పింది. రంధ్రం చేస్తే కొన్ని వారాలు గొంతు రాదని, తర్వాత వస్తే రావచ్చనీ, పాత గొంతు కాకపోవచ్చనీ చెప్పింది. చెయ్యకపోతే ఈ గొట్టం ఎప్పుడు పూడుకుంటుందో తెలియదంది. ఏ ముక్కా నాన్చలేదు, ఏ ముక్కకూ పంచదార పుయ్యలేదు.

ఆవిడ కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. పెన్నుతో మళ్ళీ రాసింది. "చస్తే ఎట్లాగూ పాడను."

చెయ్యి చాపింది, సంతకం కాగితం ఇమ్మని. ఆ కాగితం అడుగున రెండు గీతలుంటాయి, రోగి సంతకానికొకటి, బంధువు సంతకానికొకటి. మొదటి గీత ఆ యూనిట్లో ఎప్పుడూ ఖాళీగానే పోతుంది. ఆవిడ ఆ గీత వెతికి పట్టుకుని, ఊపిరి బిగబట్టినట్టు కళ్ళు చిట్లించి, దాని మీద తన పేరు రాసింది. తర్వాత పెన్ను మొగుడి వైపు విసిరింది. అతను ఒంగి పెన్ను తీసి, కళ్ళు తుడుచుకుంటూ రెండో గీత మీద సంతకం పెట్టాడు.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా మంచం థియేటర్ తలుపు దాటింది.

ఒంటిగంటకు సర్జన్ మాస్కు దించుకుంటూ బయటికొచ్చాడు. గొట్టం సరిగ్గా పడిందన్నాడు. పైనుంచి కెమెరా పెట్టి చూశానని, గొంతులో గుండుసూది దూరే సందు కూడా లేదని చెప్పాడు. "పొద్దున మీరు గనక..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి పూర్తి చెయ్యలేదు. ఆమె యూనిట్‌కు వచ్చి కేసు షీటు తెరిచింది. మొదటిసారి గాలి చప్పుడు ఉందని తాను చెప్పడం పొరపాటని, హెడ్ సిస్టర్ ఆపినందువల్ల రెండోసారి విన్నానని రాసి, కింద సంతకం పెట్టింది. జూనియర్‌ను పిలిచి అది చదివించింది. "ఇంకెప్పుడూ నువ్వు వినకుండానే 'ఉన్నట్టే ఉంది' అనకు" అని మాత్రం అంది.

సాయంత్రం ఐదింటికి నాలుగో మంచం దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తలకింద దిండ్లు పెట్టుకుని వాలి కూర్చుంది. తొమ్మిది రోజుల తర్వాత నోరు ఖాళీ అయింది. ఊపిరి మెడలోని గొట్టంలోంచి పోతోంది కనుక చప్పుడు రాదు, కానీ పెదవులు మాత్రం ఆగకుండా ఆడుతున్నాయి. డాక్టరమ్మను చూడగానే ఇటు తిరిగి ఏదో గబగబా అంది. ఆమె వంగి చూసింది, ఒక్క ముక్కా అందలేదు.

"ఏమంటున్నారు?" అని భర్తను అడిగింది.

అతను భార్య పెదవులనే చూస్తున్నాడు. మార్కెట్టు గోలలో ఇరవయ్యేళ్ళు దూరంగా తక్కెడ దగ్గర నిలబడి, ఆ పెదవుల్ని చూసే ధర పట్టుకున్న మనిషి.

"గొంతు ఎప్పుడొస్తుందో మీరు చెప్పొద్దంటోందమ్మా" అన్నాడు. "వచ్చిన రోజు తనే చెప్తుందట."